ఎత్తు ఎక్కితే ఏసీ గాలి అద్దం మీదకి పోతోంది, గేరు ఆలస్యంగా పడుతోంది. రెండూ ఒకేసారి ఎందుకు?

పాతబండి_వదలను:

అందరికీ నమస్కారం. మా నాన్న నడిపిన పికప్ ట్రక్కు ఇప్పుడు నేను వాడుతున్నాను. 1980ల నాటి బండి. వీ8 పెట్రోల్ ఇంజిన్, కార్బురేటర్, మూడు గేర్ల ఆటోమేటిక్. నెల రోజులుగా రెండు సమస్యలు కలిసి వచ్చాయి.

ఒకటి ఏసీ. మామూలు రోడ్డు మీద చల్లగానే ఉంటుంది. వెనక బరువు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే మాత్రం ముఖానికి తగిలే గాలి ఆగిపోయి, ముందు అద్దం కింది సందులోంచి వస్తుంది. పైకి చేరి యాక్సిలరేటర్ మీద కాలు తీశానో లేదో, మళ్లీ ముఖం మీదకి వచ్చేస్తుంది. ఇది కాక, బండి ఆగి ఉన్నప్పుడు చల్లదనం బాగా తగ్గిపోతుంది.

రెండోది గేర్‌బాక్స్. నెమ్మదిగా నడిపితే 20 కిలోమీటర్ల వేగం దగ్గర మెత్తగా పడే రెండో గేరు ఇప్పుడు 40 దాకా లాగి దబ్‌మని పడుతోంది. సీటు కదిలిపోతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా, పార్క్‌లో ఐడిల్‌లో పెట్టి డిప్‌స్టిక్ చూశాను. ఆయిల్ సరిగ్గానే ఉంది, ఎర్రగా ఉంది, మాడిన వాసన లేదు.

చూపించిన చోట గేర్‌బాక్స్ దింపి ఓవర్‌హాల్ చేయాలన్నారు, కంప్రెసర్ కూడా మార్చాలన్నారు. ఏసీ గ్యాస్ ఇప్పటికే రెండుసార్లు పట్టించాను, తేడా లేదు. నాన్న ఈ బండిని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో నాకు తెలుసు. తొందరపడి విప్పించాలంటే టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలో చెప్పండి.

డిప్‌స్టిక్:

గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయింది అన్నా? తెలియకపోతే ముందు దాని అడుగున ఆయిల్ నిలిచే పాన్ దింపి చూడండి. అడుగున సన్నటి బూడిద రంగు మడ్డి ఉంటే భయం లేదు. లోహపు ముక్కలు కనబడితే మాత్రం ఓవర్‌హాల్ మాట నిజమే కావచ్చు.

రెంచ్_బాబాయ్:

బాబూ, గేర్‌బాక్స్ దింపనివ్వకు. నువ్వు రాసిన మొదటి సమస్యలోనే రెండోదానికి జవాబు ఉంది.

కార్బురేటర్ బండిలో ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంజిన్ గాలిని గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పునే వాక్యూమ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కి వాక్యూమ్ గేజి పెడితే ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య కదలకుండా నిలబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ వాక్యూమ్ పడిపోతుంది. నీలాంటి చాలా పాత పికప్‌లలో ఏసీ గాలిని ముఖానికో, కాళ్లకో, అద్దానికో మళ్లించే తలుపులు ఈ వాక్యూమ్‌తోనే కదులుతాయి. వాక్యూమ్ పోతే స్ప్రింగులు గాలిని అద్దం వైపు తిప్పేస్తాయి. అలా కావాలనే పెట్టారు. ఏది పాడైనా అద్దం మీద ఆవిరి పట్టకుండా, దారి కనిపించాలి కదా. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా తలుపులు కదలకుండా ఉండటానికి వాక్యూమ్‌ని దాచుకునే ఒక చిన్న డబ్బా, గాలిని ఒకవైపే పోనిచ్చే ఒక చెక్ వాల్వ్ ఉంటాయి. నీ బండిలో ఆ వాక్యూమ్ నిలవడం లేదు.

ఇప్పుడు గేర్‌బాక్స్ సంగతి. ఫోర్డ్ సీ6, జీఎం టర్బో 350, టర్బో 400 లాంటి గేర్‌బాక్స్‌లకు వెనక భాగంలో అరచేతిలో పట్టే రేకు డబ్బా లాంటిది ఉంటుంది. దాన్నే వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. డ్రైవర్ ఎంత తొక్కుతున్నాడో గేర్‌బాక్స్‌కి చెప్పేది అదే. వాక్యూమ్ తక్కువగా అందితే, నువ్వు మెల్లగా పోతున్నా పూర్తిగా తొక్కావనే అనుకుంటుంది. లోపల ఆయిల్ ప్రెషర్ పెంచుతుంది, గేరు ఆలస్యంగా, గట్టిగా వేస్తుంది. అచ్చంగా నువ్వు చెప్పిందే. 700ఆర్4 లాంటి వాటికి మాడ్యులేటర్ ఉండదు, కేబుల్ ఉంటుంది. కాబట్టి నీది ఏదో ముందు చూసుకో.

మానిఫోల్డ్ దగ్గర, అంటే కార్బురేటర్ నుంచి ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, గేజి పెట్టి ఒకసారి చూడు. తర్వాత మాడ్యులేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం చివర T ఆకారపు జాయింటు వేసి, దానికి గేజి తగిలించి మళ్లీ చూడు. రెండుచోట్లా ఒకే అంకె రావాలి. మానిఫోల్డ్ దగ్గరే తక్కువుంటే జబ్బు ఇంజిన్‌లోనో, దాని గ్యాస్కెట్లలోనో ఉంది. అక్కడ బాగుండి కింద తక్కువుంటే దారిలో ఎక్కడో కారుతోంది. ఆ గొట్టం ఊడదీసినప్పుడు లోపల వేలు పెట్టి చూడు. ఎర్రటి ఆయిల్ అంటితే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగినట్టే. అప్పుడు ఇంజిన్ ఆ ఆయిల్‌ని పీల్చేస్తుంది. సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంది, కింద చుక్క కారకుండానే ఆయిల్ తగ్గుతుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. కొన్ని మాడ్యులేటర్లకు లోపల స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి గేరు త్వరగా పడేలా చేస్తామని ఎవరైనా అంటే వద్దను. ప్రెషర్ అవసరానికన్నా తగ్గితే క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. అప్పుడు నిజంగానే ఓవర్‌హాల్ చేయాల్సి వస్తుంది. బండి కిందకి దూరేముందు చక్రాలకు అడ్డు పెట్టు, జాకీ ఒక్కదాన్నే నమ్మకు, స్టాండ్లు వేయి.

చల్లగాలి:

బాబాయ్ చెప్పింది గాలి దిక్కు మారడం గురించి. ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గడం వేరే విషయం. నా అనుమానం ఇంజిన్ ఫ్యాన్ క్లచ్ మీద, అంటే వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని ఇంజిన్‌తో పాటు గట్టిగా తిప్పే భాగం మీద. కదిలేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని (ఏసీ వేడిని బయటికి వదిలే, రేడియేటర్ ముందుండే జాలీని) చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యానే చేయాలి. ఏసీ వేసి, బండి ఆపి ఉంచి, ఫ్యాన్‌కి దూరంగా ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద నీళ్లు చల్లండి. లోపలి గాలి వెంటనే చల్లబడితే కంప్రెసర్ జోలికి పోకండి. తర్వాత ఇంజిన్ ఆపి, వేడిగా ఉండగానే ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. బిగువుగా తిరిగి ఆగాలి. వదిలేశాక కూడా తనంతట తాను గిరగిరా తిరుగుతుంటే క్లచ్ పోయినట్టు.

గ్యాస్ మాత్రం మళ్లీ పట్టించకండి. ఆ కాలం బండి ఆర్12 అనే పాత ఏసీ గ్యాస్‌కి తయారైంది. ఇప్పుడు దాని బదులు వచ్చిన ఆర్134ఏ ఉండి ఉంటుంది, ఎక్కువైతే ఆగి ఉన్నప్పుడు ఇంకా ఇబ్బంది పెడుతుంది. ప్రెషర్ చూసి లోపల ఎంతుందో చెప్పలేం. బండి రాత్రంతా ఆగి, 30 డిగ్రీల వాతావరణంలో ఉంటే ఆర్134ఏ దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెమున్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. మొత్తం బయటికి తీయించి, తూకం వేసి నింపించండి.

పాతబండి_వదలను:

మూడు రోజులు పట్టింది, కానీ దొరికింది. మానిఫోల్డ్ దగ్గర 19, మాడ్యులేటర్ చివర 11, అదీ ముల్లు వణుకుతూ. గొట్టంలో వేలు పెడితే పొడిగానే ఉంది. బాబాయ్ గారూ, ఆ క్షణంలో నాకు సగం భారం దిగింది.

అక్కడి నుంచి గొట్టం పట్టుకుని పైకి వెతికాను. కార్బురేటర్ వెనక ఒక రబ్బరు మోచేయి ఉంది. ఏసీ ట్యూబు, గేర్‌బాక్స్ లైను అక్కడే కలుస్తాయి. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. వేలితో వంచితే అడుగు భాగం నోరు తెరుచుకుంది, నా బొటనవేలి గోరు దూరేంత చీలిక. వదలగానే మళ్లీ మూసుకుపోయింది. అందుకే ఎవరికీ కనబడలేదు.

అది మార్చాక రెండు చోట్లా 19. రెండో గేరు మళ్లీ 20 దగ్గర, పడిందో లేదో తెలియనంత మెత్తగా పడుతోంది. గాలి మాత్రం పొడవాటి ఎత్తు మీద ఇంకా మెల్లగా అద్దం వైపు జారేది. చెక్ వాల్వ్ ఊడదీసి నోటితో ఊదితే రెండు వైపుల నుంచీ గాలి పోతోంది. కొత్తది వేశాక నిన్న నిండు బరువుతో ఎక్కాను, చివరిదాకా ముఖం మీదే చల్లగాలి. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాను. రెండో గేరు పడినప్పుడు ఆయన ఏమీ అనలేదు, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి ఉంచారు.

చల్లగాలి గారూ, మీ అనుమానమూ నిజమే. నీళ్లు చల్లగానే గాలి చల్లబడింది, ఫ్యాన్ చేత్తో తిప్పితే ఐదు చుట్లు తిరిగింది. కొత్త ఫ్యాన్ క్లచ్ వచ్చింది, రేపు వేస్తాను. దాని పెద్ద నట్టు ఎటు తిప్పి విప్పాలి?

రెంచ్_బాబాయ్:

అన్ని బండ్లకూ ఒకేలా ఉండదు బాబూ. కొన్నింటికి పెద్ద నట్టే ఉండదు, నాలుగు బోల్టులతో వాటర్ పంపుకి బిగించి ఉంటుంది. నట్టు ఉన్నదైతే నీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో దిక్కు చూసుకుని అప్పుడే బలం పెట్టు. బ్యాటరీ వైరు తీసేయి. రేడియేటర్ ముందు అట్టముక్క నిలబెట్టు, రెంచ్ జారినా రేకులకు తగలదు. కొత్త క్లచ్‌ని బిగించేదాకా నిలువుగానే ఉంచు. పడుకోబెడితే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోతుంది.