‘ప్రత్యేక లక్షణం’ ఇంగ్లీషులోకి వెళితే ఎన్ని మాటలవుతుంది?

పొందూరు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఊరి ఖద్దరు కొనేవారికి బట్టతో పాటు ఒక చీటీ ఇవ్వాలనుకున్నాం. దాని మీద నాలుగు ముక్కలు ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో ఇలా రాసుకున్నాను: ‘పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం పొందూరు ప్రత్యేకత. మెత్తదనం, చల్లదనం ఈ బట్ట ప్రత్యేక లక్షణాలు. మిల్లు నూలు నుంచి చేతితో వడికిన నూలును వేరుచేసి చూపే ప్రత్యేకత అందులోని చిన్నచిన్న హెచ్చుతగ్గులు.’ మూడు చోట్లా ‘ప్రత్యేక’మే వచ్చింది. నిఘంటువు తెరిస్తే డిస్టింక్ట్, డిస్టింక్టివ్, డిస్టింగ్విషింగ్, క్యారెక్టరిస్టిక్, పిక్యూలియర్, యూనిక్ అన్నీ వరుసకట్టాయి. పిక్యూలియర్ బాగుందని రాస్తే మా తమ్ముడు ‘బట్టకు ఏమైనా తిక్కా?’ అని నవ్వాడు. మాస్టారూ, దేన్ని ఎక్కడ వాడాలి?

విజయనగరం నుంచి జవాబు:

అమ్మా, తెలుగులో ఒకే మాట మూడుసార్లు వచ్చినా, ఆ మూడు చోట్లా అది చేస్తున్న పని వేరు. ఆ పని తేలితే ఇంగ్లీషు మాట దానంతట అదే తేలుతుంది. ఇందుకు ఇంగ్లీషు వ్యాకరణం కంటే మన తర్కశాస్త్రంలోని ఆవు పాఠం బాగా పనికొస్తుంది. ఆవుకు లక్షణం చెప్పమంటే ఒకడు ‘కొమ్ములున్నది’ అన్నాడు. గేదె కూడా వచ్చి కూర్చుంది. అది అతివ్యాప్తి. ఇంకొకడు ‘కపిలవర్ణం ఉన్నది’ అన్నాడు. తెల్లావులన్నీ బయట నిలబడ్డాయి. అది అవ్యాప్తి. ‘గిట్ట చీలనిది’ అంటే లోకంలో ఒక్క ఆవూ మిగలదు, అది అసంభవం. ‘గంగడోలు (మెడ కింద వేలాడే తోలు) ఉన్నది’ అన్నవాడు గెలిచాడు, ఎందుకంటే తర్కం లెక్కలో అది ఆవులన్నిటికీ ఉంది, ఇతరులకు లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు మాటలను ఆ ఆవు పక్కన నిలబెట్టండి. కొమ్ములు ఆవుకు క్యారెక్టరిస్టిక్. ఇతరులకు ఉన్నా ఈ మాటకు అభ్యంతరం లేదు, దాని స్వభావంలో భాగమైతే చాలు. ఊరినిండా ఆలస్యంగా వచ్చేవారే ఉన్నా, ‘ఆలస్యంగా రావడం ఆయనకు క్యారెక్టరిస్టిక్’ అనవచ్చు. గ్రీకులో ఈ మాట పుట్టుక చెక్కిన ముద్రకు, అచ్చు గుర్తుకు సంబంధించినది. గంగడోలు మాత్రం డిస్టింగ్విషింగ్. ఇది తేడా చూపించి తీరాలి. అతివ్యాప్తిని క్యారెక్టరిస్టిక్ సహిస్తుంది, డిస్టింగ్విషింగ్ సహించదు.

అయితే ఒక మెలిక ఉంది. డిస్టింగ్విషింగ్ అన్నప్పుడు ‘దేని నుంచి?’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పక్షులనే చూడండి. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పక్కపక్క కొమ్మల మీద గూళ్లు పెడతాయి. ముక్కు కింద వేలాడే తోలుసంచి చూసి ‘ఇది గూడబాతు’ అని చెప్పేస్తాం. కొంగ పక్కన ఉన్నంతసేపు ఆ సంచి డిస్టింగ్విషింగ్ లక్షణమే. అదే మరో జాతి గూడబాతు వచ్చి పక్కన వాలిందనుకోండి, సంచి దానికీ ఉంటుంది. అప్పుడు సంచి క్యారెక్టరిస్టిక్ స్థాయికి దిగిపోతుంది, పైముక్కు మీద వరుసగా ఉండే మచ్చలు డిస్టింగ్విషింగ్ అవుతాయి. పక్షి మారలేదు, ముక్కూ మారలేదు, పక్కవాడు మారాడు. నిఘంటువులో ఒక్కొక్క మాటకే అర్థం ఇస్తారు కాబట్టి ఈ సంగతి అక్కడ దొరకదు.

పిక్యూలియర్ దగ్గర మీ తమ్ముడు సగం ఒప్పు. ఒంటరిగా వాడితే అది వింత, తేడా అనే అర్థాలే ఇస్తుంది. వెనకాల ‘టు’ చేర్చి ఎవరిదో చెబితే ‘వారికి మాత్రమే సొంతం’ అవుతుంది. లాటిన్‌లో దీని మూలం సొంత ఆస్తికి పేరు, ఆ ఆస్తికి మూలం పశువుల మంద. మళ్లీ ఆవు దగ్గరికే వచ్చాం! సొంతమైనది కాలక్రమంలో వింత కావడం మనకూ కొత్త కాదు. పలు రంగులు కలిసినదనే అర్థం ఉన్న ‘విచిత్రం’ మన నోట వింతగా మారలేదూ? ‘విశేషం’ సంగతి సరేసరి. వైశేషికమనే మన పాత తత్త్వశాస్త్రంలో అది ఒక ద్రవ్యాన్ని మరొక ద్రవ్యం నుంచి విడదీసే తత్త్వం. మన పేరంటాల్లో ‘ఏమైనా విశేషమా?’ అని అడిగితే కొత్త పెళ్లికూతురు తల వంచుకుంటుంది.

డిస్టింక్ట్‌కూ డిస్టింక్టివ్‌కూ తోకలోనే తేడా అనుకుంటారు చాలామంది. డిస్టింక్ట్ అంటే వేరుగా, స్పష్టంగా ఉన్నది. డిస్టింక్టివ్ అంటే గుర్తుపట్టించేది. వీధిలో కరెంటు పోయిన వేళ ఎవరో దగ్గారు. ఆ దగ్గు స్పష్టంగా వినిపిస్తే డిస్టింక్ట్, విని ‘ఫలానా తాతగారు’ అని పోల్చుకోగలిగితే డిస్టింక్టివ్. డిస్టింగ్విష్డ్ మాత్రం సభల్లో శాలువా కప్పించుకునేవారి కోసం, దాన్ని బట్టకు తగిలించకండి.

శ్రీకాకుళం నుంచి:

ఇంత తర్కం ఎందుకు మాస్టారూ? యూనిక్ అంటే సరిపోదా? ఏ ప్రకటన చూసినా అదే మాట. బొబ్బిలి వీణ గురించి కూడా ఏకాండి (ఒకే దుంగతో చేసిన) వీణ, యూనిక్ అని రాస్తుంటారు కదా.

విజయనగరం నుంచి:

బాబూ, ప్రకటనల్లో ఆ మాట బాగా అరిగిపోయింది. యూనిక్ అంటే దాని వంటిది లోకంలో మరొకటి లేదని అర్థం, ఆ పూచీ మనం మోయాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు, నిజమే. కానీ తంజావూరులోనూ ఒకే దుంగతో వీణలు చేస్తారు. మన చీటీ ఒక తంజావూరు పెద్దమనిషి చేతిలో పడితే ఏమంటాడు? ఒకే దుంగలో తొలచడం బొబ్బిలి వీణకు క్యారెక్టరిస్టిక్, సందేహం లేదు. యూనిక్ కాదు. అతిశయోక్తి అలంకారం కావ్యానికి అందం, సరుకు చీటీకి కాదు.

పొందూరు నుంచి:

అయితే మాస్టారూ, దవడతో దువ్వడానికి పిక్యూలియర్, వెనకాల టు, ఆపైన పొందూరు. మెత్తదనం, చల్లదనాలకు క్యారెక్టరిస్టిక్. నూలులోని హెచ్చుతగ్గులకు డిస్టింగ్విషింగ్. సరేనా?

విజయనగరం నుంచి:

రెండోదీ మూడోదీ సరే. మెత్తదనం, చల్లదనం మంచి నూలుబట్ట దేనికైనా ఉంటాయి కాబట్టి క్యారెక్టరిస్టిక్ కంటే పైకి వెళ్లకండి. మూడోదాంట్లో ‘మిల్లు నూలు నుంచి’ అన్న ముక్క వదలకండి, డిస్టింగ్విషింగ్‌కు బలం దానిలోనే ఉంది. పక్కన మరో ఊరి చేతినూలు పెడితే ఆ హెచ్చుతగ్గులు అందులోనూ కనిపిస్తాయి.

మొదటిదానికి వ్యాకరణం కుదిరింది. కానీ నన్నడిగితే అక్కడ విశేషణమే వద్దు. చేప దవడతో పత్తి దువ్వుతారని చదివినవాడికి అది ప్రత్యేకమని మళ్లీ చెప్పాలా? ఆ దవడలో సన్నని పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయని, దువ్వెనలా పనిచేస్తాయని ఒక వాక్యం రాయండి. దవడ బొమ్మ ఒకటి వేయగలిగితే మరీ మంచిది.

శ్రీకాకుళం నుంచి:

వాలుగను ఇంగ్లీషులో ఏమని రాస్తారు మరి?

విజయనగరం నుంచి:

క్యాట్‌ఫిష్‌లలో అదొక రకం. కానీ ఆ పేరు ఒక్కటే రాస్తే ఏ చేపో తెలియదు. వాలుగ అనే ఉంచి, పక్కన మంచినీటి క్యాట్‌ఫిష్ అని చేర్చండి. శాస్త్రనామం కావాలంటే వల్లాగో అట్టు. తినేది అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని చీటీ మీద వేయకపోయినా నష్టం లేదు.