చెన్నైలో కాన్పు: సంచి సర్దాం, పిక్మీ నంబరు సంగతి ఎవరైనా చెప్పండి

మా చెల్లెలికి 36వ వారం. కాన్పు పెరంబూరు దగ్గర ప్రైవేటు ఆసుపత్రిలో. సంచిలో ఏం తక్కువైందో చూడండి.

తల్లికి ముందు గుండీలున్న కాటన్ నైటీలు 4, మెటర్నిటీ ప్యాడ్లు 2 ప్యాకెట్లు, బొడ్డు పైదాకా వచ్చే వదులు లోదుస్తులు 6. సిజేరియన్ అయితే మామూలువాటి ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదే ఒరుసుకుంటుంది. బిడ్డకు జుబ్బాలు 6, టోపీ, పాత కాటన్ చీర చింపిన గుడ్డలు 12. కొత్త జుబ్బాలను ఉతికి ఎండేశాం, గంజి పోవాలిగా. మొదటి రెండు రోజుల నల్ల విరేచనం తారులా అంటుకుంటుంది, మరక ఓ పట్టాన వదలదు, అందుకే తెల్ల గుడ్డలు తీసేశాను. డైపర్లు న్యూబార్న్ సైజువి చిన్న ప్యాకెట్ ఒక్కటే. బొద్దుగా పుడితే ఆ సైజు ఎన్నాళ్లో పట్టదు.

ఫైలులో స్కాన్లు, బ్లడ్ గ్రూప్ రిపోర్టు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు, ఇన్సూరెన్స్ కార్డు.

అసలు చిక్కు ఇక్కడే. తమిళనాడులో బర్త్ సర్టిఫికెట్‌కు 12 అంకెల పిక్మీ నంబరు (గర్భిణిగా ప్రభుత్వ రికార్డులో నమోదు చేసినప్పుడు ఇచ్చేది) అడుగుతారు. మొదటి ఆరు నెలల చెకప్పులు నెల్లూరులో. అక్కడ ఆశా కార్యకర్త నమోదు చేసిన నంబరు ఇక్కడ చెల్లుతుందా, లేక ఇక్కడి హెల్త్ సెంటరులో మళ్లీ రాయించాలా? ఆధార్‌లో నెల్లూరు అడ్రసే ఉంది. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి కాబట్టి ముందే తేల్చుకోవాలి.

ఇంకొకటి: బయట కొన్న ప్యాడ్లు, డైపర్లు లేబర్ వార్డులోకి రానిస్తారా, లోపలి ఫార్మసీలోనే కొనమంటారా?