ముగింపు ముందే తెలిసిన ప్రేమ నవలను అంత ఇష్టంగా ఎందుకు చదవాలి?

పుటమలుపు:

‘ఈ మధ్య చదివిన పుస్తకాలు’ అనే చర్చలో నేనో జాబితా పెట్టాను. దాదాపు అన్నీ సమకాలీన ప్రేమ నవలలు, లేదంటే స్త్రీ జీవితం చుట్టూ తిరిగే నవలలు. దాని కింద నిశితం గారు, ‘ఇవన్నీ ఒకే కథ కదండీ, పేర్లు మార్చి రాసినవి. చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోయే పుస్తకానికి అంత సమయం ఎందుకు?’ అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడ జవాబిస్తే చర్చ పక్కదారి పడుతుందని విడిగా మొదలుపెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. కలుస్తారని తెలియడం వల్లే ఈ నవలలు బాగుంటాయి.

సుఖాంతం రచయితలు బద్ధకం కొద్దీ పెట్టేది కాదు, ఈ ప్రక్రియకు అదే నియమం. 1980లో మొదలైన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం ప్రేమ నవలకు రెండే లక్షణాలు చెప్పింది. కథకు కేంద్రంలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. పెళ్లి జరిగి తీరాలని కూడా లేదు. మిగతాదంతా రచయిత ఇష్టం. చివర ఏమవుతుందోనన్న టెన్షన్ లేనప్పుడు చదివేవాళ్ల దృష్టంతా మనుషుల మీదకే పోతుంది. ఆమె ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయింది, అతను ఆ రోజు ఫోన్ ఎందుకు చేయలేదు, ఎవరి భయం ఎక్కడ మొదలైంది, ఇవే కథ అవుతాయి.

అసలు మనకిది కొత్తా? శకుంతలను రాజు మరిచిపోయినా చివరికి గుర్తుపడతాడని తెలిసే జనం ఆ నాటకం చూశారు. భవభూతి ఉత్తరరామచరితంలో సీతను భూమిలోకి పంపకుండా రాముడితో కలిపాడు. మన ఆలంకారికులు శృంగార రసాన్ని సంభోగమనీ (కలిసి ఉండటం) విప్రలంభమనీ (ఎడబాటు) రెండుగా చెప్పి, ఎడబాటుకూ అంతే పీట వేశారు. ఇప్పటి ప్రేమ నవలల్లో ముప్పావు వంతు దగ్గర వచ్చే విడిపోవడం ఆ విప్రలంభమే. కలుస్తారని తెలిసినా ఆ పేజీలు గొంతు పట్టేస్తాయి. అలా పట్టేసేలా రాయడం చిన్న పనితనం కాదు.

ఒక్క దృశ్యం చెబుతాను. ఈమధ్య చదివిన ఒక నవలలో విడిపోయిన జంట ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలు పంచుకుంటారు. ఒకే పుస్తకం రెండు ప్రతులుంటాయి. ఒకటి కొత్తది, ఇంకోటి ఆమె అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నది. ఆమె కొత్తది అతనికి ఇవ్వబోతే అతను పాతదాని కోసం చెయ్యి చాపుతాడు. ‘అందులో నా రాతలున్నాయి’ అంటుంది. ‘తెలుసు’ అంటాడు. అంతే, ప్రేమ మాట ఇద్దరూ ఎత్తరు. తర్వాతి అధ్యాయం ఆమె వైపు నుంచి నడుస్తుంది. పెళ్లయిన కొత్తలో అతని మీద కోపంతో ఒక అంచులో ఏదో రాసుకున్న సంగతి గుర్తొచ్చి ఆమెకు చెమటలు పడతాయి. అది అతని కంట పడుతుందా లేదా అన్నదాని మీదే అక్కడి నుంచి కథంతా నడుస్తుంది. ముగింపు నాకు తెలుసు. అయినా నిద్రపోలేదు.

నిశితం:

ఆ మాట అన్నది నేనే కాబట్టి వచ్చాను. మీరు చెప్పిన దృశ్యం బాగుంది. కానీ అలాంటివి ఎన్ని పుస్తకాల్లో ఉంటాయండీ? నాకు దొరికిన వాటిలో చాలావరకు విడిపోవడానికి కారణం ఒక అపార్థం. ఆమె సగం సంభాషణ విని వెళ్లిపోతుంది. ఎదురెదురుగా కూర్చుని రెండు ముక్కలు మాట్లాడుకుంటే తీరిపోయేదాన్ని పుస్తకం చివరిదాకా లాగుతారు. దీన్ని విప్రలంభం అంటే నేనొప్పుకోను. శకుంతల ఎడబాటు వెనక శాపం ఉంది, నిండు సభలో ‘నువ్వెవరో నాకు తెలియదు’ అనిపించుకున్న అవమానం ఉంది.

ఇది పనితనం సంగతి. నా అసలు అభ్యంతరం కథానాయకుడి మీద. 1740లో శామ్యూల్ రిచర్డ్‌సన్ రాసిన ‘పమేలా’ అనే ఇంగ్లిష్ నవలలో యజమాని పనిపిల్లను వేధిస్తాడు, నిర్బంధిస్తాడు, చివరికి పెళ్లి చేసుకుంటాడు. ఆ పెళ్లే ఆమె శీలానికి బహుమతి. ఆ యజమాని ఇంకా పోలేదు. ఆమె ఫోన్ తీసి చూసేవాడు, ఎవరితో మాట్లాడాలో చెప్పేవాడు, అసూయతో గోడను గుద్దేవాడు ఇప్పటికీ నాయకుడిగా చలామణీ అవుతున్నాడు. సుఖాంతం ఖాయమని తెలుసు కాబట్టే వాడు చేసిందంతా వెనక్కి తిరిగి చూస్తే ప్రేమలా కనిపిస్తుంది. ముగింపు తెలియకపోతే చదివేవాళ్లు వాడిని అనుమానించేవాళ్లు. మీరు బలం అంటున్నదే నాకు ప్రమాదంగా కనిపిస్తోంది.

ఇంకొకటి. 1856లో ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఇలియట్ (అది ఆవిడ కలం పేరు) ఒక పత్రికలో స్త్రీలు రాసే వెర్రి నవలల మీద పెద్ద వ్యాసం రాసింది. అందం, తెలివి, భక్తి అన్నీ పోతపోసిన నాయికలను చీల్చి చెండాడింది. రాసిందీ స్త్రీయే. కాబట్టి ఈ నవలలను విమర్శించడమంటే స్త్రీలను తక్కువ చేయడమేనన్న వాదన మాత్రం దయచేసి తేవద్దు.

రాత్రిడ్యూటీ:

ఇక్కడ ఎప్పుడూ రాయను, ఇవాళ రాయాలనిపించింది. నేను ఆసుపత్రిలో నర్సును. డ్యూటీ దిగేసరికి ఒంట్లో శక్తి ఉంటుంది గానీ మనసులో ఉండదు. అప్పుడు ఇంకో చావు గురించి, ఇంకో ఓటమి గురించి చదవలేను. ఈ పుస్తకం నన్ను మధ్యలో వదిలేయదన్న నమ్మకంతో తెరుస్తాను. ఆ నమ్మకం ఉంటేనే అందులోని కష్టం కూడా చదవగలను. నాయిక గర్భస్రావం గురించి, తండ్రి మతిమరుపు గురించి చదివింది ఈ నవలల్లోనే. వేరే పుస్తకమైతే అక్కడే మూసేసేదాన్ని.

దీని మీద జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు 1984లో ఒక పుస్తకం తెచ్చారు. ప్రేమ నవలలు విపరీతంగా చదివే ఒక అమెరికన్ పట్టణపు స్త్రీలతో ఆవిడ నేరుగా మాట్లాడారు. అంతవరకు పండితులు నవలల మీద తీర్పులు చెప్పేవాళ్లే గానీ, చదివేవాళ్లను అడిగింది తక్కువ. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఇంట్లోవాళ్లకు ‘ఇది నా సమయం, నన్ను పిలవకండి’ అని చెప్పినట్టేనని ఆ స్త్రీలు ఆవిడతో చెప్పారు. నాకైతే నా గురించే రాసినట్టుంది.

నిశితం:

రాత్రిడ్యూటీ గారూ, మీరు చదివే తీరు మీద నాకు ఒక్క మాట కూడా లేదు. అయితే రాడ్‌వే అక్కడితో ఆగలేదు. చదవడం అనే పని చిన్న తిరుగుబాటే గానీ, చదివే కథ మాత్రం ఆ స్త్రీని తిరిగి అదే ఇంటికి, అదే ఏర్పాటుకు సర్దిపెట్టి పంపుతుందని కూడా ఆవిడే అన్నారు. నేను అడుగుతున్నది ఆ రెండో సగం గురించి.

మూడోఅర:

మీరంతా రెండు రకాల నవలలను ఒకే గాట కట్టేస్తున్నారు. ప్రేమ నవలకు సుఖాంతం షరతు. స్త్రీ జీవితం కేంద్రంగా వచ్చే నవలకు అలాంటి షరతేమీ లేదు. అందులో పెళ్లి విరగొచ్చు, అక్కాచెల్లెళ్లు ఇరవై ఏళ్ల తర్వాత మాట్లాడుకోవచ్చు, యాభై దాటిన ఆవిడ మళ్లీ ఉద్యోగం వెతుక్కోవచ్చు, ప్రేమ అసలే లేకపోవచ్చు. నేను ఎక్కువగా చదివేవి ఇవే. ముగింపు తెలుసన్న ఫిర్యాదు వీటికి వర్తించదు. అయినా చిన్నచూపు మాత్రం సమానంగా దక్కుతుంది.

కుటుంబం విచ్ఛిన్నమవడం గురించి మగవాడు రాస్తే అది కాలానికి అద్దం పట్టిన నవల. అదే స్త్రీ రాస్తే పూల అట్ట వేసి వేరే అరలో పెడతారు. 1991లో బుకర్ సాహిత్య బహుమతి తుది జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ అసంతృప్తిలోంచి వచ్చిన ఆలోచనే స్త్రీలు రాసిన నవలలకిచ్చే ఇప్పటి విమెన్స్ ప్రైజ్, తొలిసారి 1996లో ఇచ్చారు. నిశితం గారూ, మీరు కావాలని చేశారని కాదు. కానీ పుటమలుపు గారి జాబితాలో సగం ఈ రెండో రకం నవలలే. ‘ఒకే కథ’ అన్నప్పుడు అవి చదివే అన్నారా?

నిశితం:

లేదు, అన్నీ చదవలేదు. ఆ సగం గురించి నేను వాదించను. ప్రేమ నవలల గురించి అన్న మాట మీద మాత్రం ఉన్నాను.

పుటమలుపు:

ఒక్కొక్కటిగా చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ఇలియట్ వ్యాసం నేనూ చదివాను. చివర్లో ఆవిడ ఏమందో కూడా చెప్పాలి కదా. నవలా రచనలో స్త్రీలు మగవాళ్లకు పూర్తిగా సమానం కాగలరని ఆ వ్యాసంలోనే అంది. ఆవిడ కోపం పనితనం లేని నవలల మీద. మూడేళ్లకు తన మొదటి నవల వచ్చింది. నాకు కావలసింది ఆ తరహా విమర్శే. ఫలానా పుస్తకంలో ఫలానా చోట రచయిత్రి చెయ్యి జారింది అనండి, కూర్చుని మాట్లాడుకుందాం. మొత్తం ప్రక్రియనే తోసేస్తే మాట్లాడటానికి ఏం మిగలదు.

నాయకుడి సంగతి. మీ భయం నిజమైనదే. 1970ల్లో వచ్చిన చారిత్రక ప్రేమ నవలల్లో బలాత్కారం చేసినవాడే నాయకుడైన సందర్భాలున్నాయి. వాటిని సమర్థించే మాట నా నోట రాదు. కానీ దాన్ని చదివేవాళ్లూ కాదన్నారు. రాడ్‌వే మాట్లాడిన ఆ పాఠకురాళ్లు, ప్రేమ నవలలో ఎప్పటికీ ఉండకూడనిదేమిటని అడిగితే బలాత్కారం పేరు చెప్పారు. తర్వాత రాయడానికి వచ్చినవాళ్లు ఇలా చదువుతూ పెరిగినవాళ్లే. ఇప్పటి నవలల్లో ‘నీకిష్టమేనా?’ అని అడగడం సన్నివేశాన్ని ఆపేయకుండా దాన్నే వేడెక్కించేలా రాయగలుగుతున్నారు. చాలామంది మొదటి పేజీలోనే ఇందులో ఫలానా హింస ఉంది, చూసుకోండి అని హెచ్చరిక పెడుతున్నారు. అసూయతో గోడ గుద్దేవాడు ఇంకా అమ్ముడుపోతున్నాడు, నిజమే. వాడిని నేనూ భరించలేను.

‘సుఖాంతం ఖాయం కాబట్టి చేసిందంతా ప్రేమలా కనిపిస్తుంది’ అన్నారు, దీని మీదే నేను ఎక్కువ ఆలోచించాను. మంచి ప్రేమ నవల కలపడానికి తొందరపడదు, కలయికకు ఖరీదు కట్టిస్తుంది. తప్పు చేసినవాడు క్షమాపణ అడిగితే చాలదు. ఏం తప్పు చేశాడో ఆమె చెప్పకుండానే తన నోటితో చెప్పగలగాలి. ఆమె వద్దంటే వెళ్లిపోగలగాలి. అతను మారాడని మాటల్లో కాక ఒక పనిలో కనిపించాలి, అదీ ఆమె చూడని చోట. ఇవన్నీ జరిగాకే ఆమె తలుపు తీస్తుంది. కలుస్తారని తెలిసినందుకే ‘ఇతను అర్హుడయ్యాడా?’ అని నేను మరింత కఠినంగా చూస్తాను. రాడ్‌వే రెండో సగానికి నా జవాబు కూడా ఇదే. ఆమె తిరిగి వెళ్లే ఇల్లు అదే ఇల్లా, మారిన ఇల్లా అన్నది ఒక్కో పుస్తకాన్ని బట్టి తేలాలి.

నిశితం:

సరే, ఈ కొలత నాకు నచ్చింది. అయితే దాన్ని మీరు నిజంగా వాడతారా అని నా అనుమానం. ఇష్టపడి చదివేవాళ్లు అన్నిటినీ మెచ్చుకుంటారు. మీ లెక్కలో చెత్త ప్రేమ నవల ఎలా ఉంటుందో చెప్పండి.

పుటమలుపు:

చెబుతాను, వీటిని సగంలోనే వదిలేస్తాను.

నాయికకు స్నేహితురాలు ఉంటుంది గానీ ఆ స్నేహితురాలికి సొంత గోడు ఉండదు, నాయకుడి గురించి అడగడానికే ఫోన్ చేస్తుంది. అలాంటి పుస్తకం నాకొద్దు. నాయిక వృత్తి మొదటి అధ్యాయంలో చెప్పి తర్వాత ఎక్కడా ఆమె పని చేస్తూ కనిపించకపోతే వద్దు. వాస్తుశిల్పి అన్నాక ఒక్కసారైనా గీసిన ప్లాన్ నచ్చక చించేయాలి కదా. హాస్యమంతా నాయిక తడబడి పడిపోవడంలోనే ఉంటే వద్దు. సగం విన్న సంభాషణ మీద నిలబడిన ఎడబాటు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, నాకూ ఒళ్లు మండుతుంది. అన్నిటికంటే, ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు నవ్వుకోని ప్రేమ నవలను నమ్మను. అందంగా ఉన్నారని పేజీల కొద్దీ చెప్పి, వాళ్ల మధ్య ఒక్క మంచి సంభాషణ రాయలేకపోతే వాళ్లు కలిసినా విడిపోయినా నాకేం పట్టదు.

మీకు విడిగా రెండు నవలల పేర్లు పంపుతున్నాను. రెండింటిలోనూ అపార్థం లేదు. ఒకదానిలో ఇద్దరికీ అన్నీ తెలిసే విడిపోతారు. రెండోదానిలో నాయకుడు క్షమాపణ అడిగిన తీరు సరిపోయిందా లేదా అన్నది నాకే ఇంకా తేలలేదు. చదివాక మీరేమంటారో ఇక్కడే రాయండి. మూడోఅర గారూ, మీరు చెప్పిన అక్కాచెల్లెళ్ల నవల పేరేమిటి?