మామిడి తాండ్ర, కాలేజీ ఇంక్యుబేషన్ సెంటర్: ఈ ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: ఫుడ్ టెక్నాలజీ విద్యార్థి, విజయనగరం జిల్లా

అందరికీ నమస్కారం. మాది భీమాళికి దగ్గర ఊరు. భీమాళి తాండ్ర గురించి ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పనక్కర్లేదు. అమ్మ వాళ్ల పొదుపు సంఘం మహిళలు ఏటా వేసవిలో తాండ్ర పోస్తారు. ఈతచాప మీద గుజ్జు పరచడం, ఆరాక మళ్లీ ఒక పొర పోయడం, అంతా పాత పద్ధతే. అమ్మకానికి లోటు లేదు. చిక్కంతా వానలు పడ్డాకే. విశాఖ దుకాణాలకు పంపిన ప్యాకెట్లలో కొన్నింటికి తెల్లటి బూజు చుక్కలు వస్తాయి, సరుకు తిరిగి వస్తుంది.

నాది చివరి సంవత్సరం. ఈ బూజు సంగతి తేల్చి, మంచి ప్యాకింగుతో అమ్మాలని ఆలోచన. కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే మా కాలేజీ ఇంక్యుబేషన్ సెంటర్ వాళ్లు ముందుకొచ్చారు. ఒక గది, ఒక మెంటర్, గ్రాంటు దరఖాస్తులో సాయం ఇస్తారట. బదులుగా నా పేరున ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి 8 శాతం వాటా ఇవ్వాలి. ‘ఉత్పత్తికి సంబంధించిన పరిజ్ఞానమంతా సంస్థకు, వ్యవస్థాపకుడికి ఉమ్మడిగా చెందుతుంది’ అని కూడా రాశారు. అమ్మ వాళ్ల పేరు ఎక్కడా లేదు. అడిగితే ‘వాళ్లు సరఫరాదారులు కదా’ అన్నారు. సంతకం పెట్టమంటారా?

జవాబు 1: పాత విద్యార్థి

వాటా సంగతి పెద్దలు చెబుతారు. నాకు తెలిసిన ఒక్క విషయం: కేంద్ర విద్యాశాఖ 2019లో విద్యార్థుల, అధ్యాపకుల స్టార్టప్‌ల కోసం ఒక జాతీయ విధానం ప్రకటించింది. మేజర్ ప్రాజెక్టు బదులు స్టార్టప్ పనినే చూపించుకునేందుకు విద్యార్థులను అనుమతించవచ్చని అందులో ఉంది. మీ కాలేజీ దాన్ని అమలు చేస్తోందా అని ముందు కనుక్కోండి. చేస్తుంటే ప్రాజెక్టు ఒకటి, తాండ్ర ఒకటి అని రెండు పనులు నెత్తిన వేసుకోనక్కర్లేదు.

జవాబు 2: రిటైర్డ్ ఇంక్యుబేటర్ ఉద్యోగి

బాబూ, ఇప్పుడే సంతకం పెట్టకండి. అలాగని వాళ్లతో తెంచుకోనూ వద్దు. ఒక విశ్వవిద్యాలయ ఇంక్యుబేటర్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి, బల్లకు అవతలి వైపు నుంచి చెబుతున్నాను.

గది మీకెందుకు? తాండ్ర పోసేది ఊళ్లో. ఏసీ గది, గోడ మీద రంగురంగుల కాగితాలు, ‘ఇన్నోవేషన్’ అని రాసిన కప్పులు ప్రారంభోత్సవం ఫొటోలకు బాగుంటాయి. విశ్వవిద్యాలయం దగ్గర ఉండి, మీ ఊళ్లో ఎంత డబ్బు పెట్టినా దొరకనిది ల్యాబు. మీ బూజుకు మూలం వాటర్ యాక్టివిటీ. మొత్తం తేమ శాతం ఒక లెక్క, సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీరు, అంటే వాటర్ యాక్టివిటీ, వేరే లెక్క. అది 0.6 లోపు ఉంటే బూజు ఎదగదు. పొర పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉండగానే పై పొర పోసేస్తారు. నాలుగు రోజులు మబ్బు పడితే ఇది తప్పదు. కాబట్టి ఏ చాప సరుకు ఏ తేదీన పోశారో సంచి మీద రాయించండి. ప్రతి సరుకులో అంచు నుంచి ఒక ముక్క, నడిమి నుంచి ఒక ముక్క ల్యాబులో దాన్ని కొలిచే మీటరులో పెట్టండి. సగం సమస్య అక్కడే బయటపడుతుంది. ప్యాకింగు కవరు మార్చడం ఆ తర్వాతి మాట.

ట్రే డ్రయ్యర్ కొనమని మెంటర్ తప్పకుండా అంటారు. కొనే ముందు కాలేజీ డ్రయ్యర్‌లోనే ఒక విడత ఆరబెట్టి అమ్మ వాళ్లకు రుచి చూపించండి. చాప అచ్చు లేని తాండ్రను మన వైపు జనం తాండ్ర అంటారా అన్నది నాకైతే అనుమానమే.

ఇక అసలు చిక్కు ఎవరూ చెప్పనిది. మామిడి వచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కాలేజీకి సెలవులు మే నెలలో. మీకు మీటరు అవసరమైన రోజుల్లోనే ల్యాబుకు తాళం పడుతుంది. అందుకే ఒప్పందంలో గది అన్న చోట ‘వేసవి సెలవుల్లో వారానికి ఇన్ని గంటలు ల్యాబు’ అని రాయించండి. మాట సాయం చాలదు, కాగితం మీదే ఉండాలి.

వాటా సంగతి. పైన చెప్పిన 2019 విధానం ప్రకారం సంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా తీసుకోవచ్చు. అయితే మామూలుగా అంతకంటే బాగా తక్కువే తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. వాటా లేకుండా అద్దె కట్టి సదుపాయాలు వాడుకునే దారి కూడా ఉంది. మీకు కావలసింది మీటరు, డ్రయ్యర్ మాత్రమే కాబట్టి అద్దె చాలు. 8 శాతం ఎందుకో వాళ్లనే వివరించమనండి.

‘పరిజ్ఞానమంతా’ అన్న మాట కొట్టేయించండి. కాలేజీ ల్యాబులో కొత్తగా కనిపెట్టినదానిలో కాలేజీకి హక్కు అడిగితే న్యాయం. ఊళ్లో తరాలుగా పోస్తున్న పద్ధతి దానిలో ఎలా కలుస్తుంది? సంప్రదాయ పరిజ్ఞానానికి పేటెంటు ఇవ్వకూడదని మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(పి) చెబుతోంది. ఇప్పటి పద్ధతిని అడుగడుగునా రాసి, సంఘం తీర్మానాల పుస్తకంలో తేదీతో ఎక్కించి ఉంచండి. రేపు ఏది పాతదో ఏది కొత్తదో తేల్చడానికి పనికొస్తుంది.

ఊరి పేరును ఒక్క కంపెనీ ట్రేడ్‌మార్కుగా మాత్రం పెట్టవద్దు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఊరి పేరును అక్కడి తయారీదారులందరికీ కలిపి కాపాడే హక్కు) వచ్చింది. దరఖాస్తు పెట్టింది తయారీదారుల సంఘం, వెనకుండి సాయం చేసింది విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయం ఊరికి చేయగల సాయం అంటే నా దృష్టిలో అది. మీ కాలేజీ వాళ్లకు ఇది చూపించండి.

జవాబు 3: మండల సమాఖ్యలో లెక్కలు రాసే మహిళ

పై మాస్టారు గారు చెప్పినవన్నీ బాగున్నాయి. నాది ఒక్కటే ప్రశ్న తమ్ముడూ. కంపెనీ నీ పేరున ఉంటే ఒక్కో చాప తాండ్రకు ధర ఎవరు నిర్ణయిస్తారు? మొదటి ఏడాది నువ్వే అడిగి నిర్ణయిస్తావు. తర్వాత నీకు హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది, చదువుకున్న పిల్లాడివి, రాకుండా ఉండదు. అప్పుడు? పదిమంది ఉత్పత్తిదారులు ఉంటే వాళ్లే యజమానులుగా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు, 1995 చట్టం కింద పరస్పర సహాయక సహకార సంఘంగానూ నమోదు కావచ్చు. నువ్వు దానికి జీతం తీసుకునే మేనేజరుగా ఉండు, అవమానమేమీ కాదు.

ఇంకొకటి. ఆహార శుద్ధి చేసే సంఘాల సభ్యులకు, చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా మూలధనం ఉంది, సొంత యూనిట్ పెట్టుకుంటే 35 శాతం రాయితీ, గరిష్ఠం 10 లక్షలు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడగండి. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు, ఫీజు అడిగిన వెబ్‌సైటు ఏదైనా దళారీదే.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ ధన్యవాదాలు. నిన్న అమ్మ వాళ్లను కూర్చోబెట్టి ముసాయిదా చదివి వినిపించాను. ‘సరఫరాదారులు’ అన్న దగ్గర ఒకావిడ ‘అంటే కూలీలమా?’ అన్నారు. ఉత్పత్తిదారుల కంపెనీ వైపే మొగ్గారు. మా గైడ్ ల్యాబు అద్దెకు సరే అన్నారు గానీ గ్రాంటు రావాలంటే విద్యార్థి పేరున కంపెనీ ఉంటేనే సులువు అంటున్నారు. గ్రాంటు వదులుకోవడమేనా?

జవాబు 2: రిటైర్డ్ ఇంక్యుబేటర్ ఉద్యోగి

ఈ ఏడాదికి వదిలేయండి. మీటరు లెక్కలు చేతికి రాకముందే రాసే గ్రాంటు దరఖాస్తులో ఊహలు తప్ప ఏముంటాయి? ఒక సీజను సరుకు ఆగస్టు దాటి నిలిచాక, ఆ అంకెలతో అడగండి. అప్పుడు కంపెనీ ఎవరి పేరున ఉండాలన్న బేరంలో మీ మాటకు బలం ఉంటుంది. ప్రస్తుతానికి ల్యాబు అద్దె కాగితం డీన్ సంతకంతో తీసుకుని, ఒక కాపీ ల్యాబు అసిస్టెంటుకు ఇవ్వండి. మే నెలలో తాళం తీయాల్సింది ఆయనే. మార్చిలోపే వెళ్లి కలవండి, వెళ్లేటప్పుడు నిరుటి తాండ్ర ముక్క ఒకటి పట్టుకెళ్లండి. బూజు పట్టనిది.