సరుకు బాగుంటే చాలదా? చిన్న సంస్థకు మార్కెటింగ్ మనిషి ఎప్పుడు అవసరం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ముగ్గురం కలిసి కర్నూలు దగ్గర కొర్రలతో ఉప్మా మిక్సు, దోసె మిక్సు తయారుచేసే చిన్న యూనిట్ ప్రారంభించాము. ఒకరు తయారీని, ఒకరు లెక్కలను, నేను ముడిసరుకు కొనుగోళ్లను చూసుకుంటున్నాము. మార్కెటింగ్ కోసం ఒక మనిషిని తీసుకుందామని నేనంటే, రుచి బాగుంటే సరుకు దానంతటదే అమ్ముడుపోతుందని, ప్రచారం సంగతి తరువాత చూసుకోవచ్చని మిగతా ఇద్దరూ అంటున్నారు. ప్రస్తుతం ఒక్కరికి మాత్రమే జీతం ఇవ్వగలము. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1:
అయ్యా, మీ భాగస్వాములు మార్కెటింగ్ అంటే ప్రచారమేనని అనుకుంటున్నట్టున్నారు. తయారైన సరుకు గురించి నలుగురికీ చాటడం ఆ విభాగం చేసే పనుల్లో చివరిది. కొనేవారు ఎవరు, ఎంత పరిమాణంలో కొంటారు, ఏ ధర దగ్గర వెనకాడతారు, ఇంటికి తీసుకువెళ్లి దాన్ని ఎలా వాడతారు అన్నవి తయారీకి ముందే తేల్చడం అసలు పని.

టాటా నానోను చూడండి. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో దాన్ని చూపినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. స్కూటరు మీద నలుగురు ఇరుక్కుని వెళ్లే కుటుంబానికి లక్ష రూపాయల ధరలో కారు అందించాలన్న సంకల్పాన్ని ఇంజినీర్లు 624 సీసీ ఇంజనుతో నిజం చేశారు, ఖర్చును ఎంతో నేర్పుగా అదుపులో పెట్టారు. అయితే మన దేశంలో కారు కొనడమంటే బంధువుల ముందు, ఇరుగుపొరుగు ముందు ఒక మెట్టు ఎక్కడం. అటువంటిచోట అన్నిటికన్నా చౌక కారన్న ముద్రతో వచ్చిన బండిని గుమ్మం ముందు నిలుపుకోవడానికి చాలామంది ఇష్టపడలేదు. ఆ ముద్ర వేయడం పొరపాటేనని రతన్ టాటా కూడా తరువాత బహిరంగంగా చెప్పారు.

జవాబు 2:
పై మిత్రుడు చెప్పినది నిజమే కానీ, నానో విషయంలో తప్పంతా మార్కెటింగ్ మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 2009లో బుకింగులు తెరిచినప్పుడు రెండు లక్షలకు పైగా వచ్చాయి, అంటే కొనాలన్న కోరిక జనంలో బలంగానే ఉంది. భూసేకరణపై సాగిన ఆందోళన వల్ల 2008 అక్టోబరులో పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు నుంచి నానో ఫ్యాక్టరీని తరలించవలసి వచ్చింది. గుజరాత్‌లోని సాణంద్‌లో కొత్త ఫ్యాక్టరీ 2010 జూన్‌లో గానీ మొదలు కాలేదు. అంతవరకూ ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో తయారైన కొద్దిపాటి కార్లతోనే సరిపెట్టుకోవలసి రావడంతో కొనేవారి ఉత్సాహం చల్లారింది. ఆపైన కొన్ని కార్లకు మంటలు అంటుకున్నాయన్న వార్తలు భయం పుట్టించాయి. 2010 నవంబరులో అమ్ముడైన నానోలు కేవలం 509.

ఆ తరువాత సంస్థ చేసినది మీ భాగస్వాములకు తప్పక చెప్పండి. వారంటీని నాలుగేళ్లకు పెంచారు, అప్పు సులువుగా దొరికే ఏర్పాటు చేశారు, ప్రకటనలూ ఇచ్చారు. అప్పుడు అమ్మకాలు కొంత కోలుకున్నాయి. సర్వీసు, ఫైనాన్స్, మార్కెటింగ్ మూడూ ఒకేసారి కదిలినందువల్లనే అది సాధ్యమయింది. మొదటి రోజు నుంచే ఇవన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఆ కారు చరిత్ర వేరుగా ఉండేదేమోనని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జీతం ఇవ్వగలిగేది ఒక్కరికే కదా, ఆ మనిషికి ఏ పని అప్పగించాలో కూడా చెప్పగలరా?

జవాబు 1:
ప్రకటనలు రాసేవారిని కాకుండా, వారమంతా కిరాణా దుకాణాలు తిరగగలిగిన మనిషిని తీసుకోండి. 1994లో కార్న్‌ఫ్లేక్స్ అమ్మే కెలాగ్స్ మన దేశానికి వచ్చినప్పుడు, ఇక్కడివారు అలవాటు ప్రకారం వేడి పాలు పోసుకోవడంతో కరకరలాడవలసిన ఆ మొక్కజొన్న అటుకులు మెత్తబడిపోయాయి. మీ ఉప్మా మిక్సులో ఎవరు ఎన్ని నీళ్లు పోస్తున్నారో, ఎక్కడ ముద్దవుతోందో తెలుసుకుని ఆ మనిషి మీకు చెప్పాలి. దానిని బట్టి తయారీ చూసే భాగస్వామి రవ్వ పాళ్లు మార్చాలి, లేదా ప్యాకెట్ మీద కొలత స్పష్టంగా అచ్చువేయించాలి.

దుకాణదారుడికి ఎంత మార్జిన్ ఇవ్వాలి, ఎన్నాళ్లు అరువు ఇవ్వాలి, గడువు దాటిన ప్యాకెట్లను వెనక్కి తీసుకోవాలా అన్నవి లెక్కలు చూసే భాగస్వామితో కలిసి ముందే నిర్ణయించుకోండి. అమ్మే మనిషి బయట ఒక మాట ఇచ్చి, లోపల లెక్కలవారు మరొకటి అంటే ఆ దుకాణం మళ్లీ మీ సరుకు పెట్టదు. అరకిలో ప్యాకెట్‌తో పాటు, ఒక్క పూటకు సరిపోయే చిన్న ప్యాకెట్‌ను కూడా కొన్ని దుకాణాల్లో పెట్టి చూడండి, ఎందుకంటే కొర్రల రుచి తెలియనివారు మొదటిసారే పెద్ద ప్యాకెట్‌కు డబ్బు పెట్టరు. ఇచ్చిన సరుకు ఎంతన్నది కాక, ఎన్ని దుకాణాలు తమంతట తామే రెండోసారి అడిగాయన్నది ప్రతి వారం రాసిపెట్టమనండి, ఆ పుస్తకం ముందు పెట్టుకునే మీ ముగ్గురూ తరువాతి బ్యాచ్ ఎంత చేయాలో నిర్ణయించండి.