రోజుకో పిచ్చిబొమ్మ: సాధనా, కాలక్షేపమా?

తడికాగితం
మూడు నెలలుగా రోజూ పడుకునే ముందు పదిహేను నిమిషాలు ఒక పిచ్చిబొమ్మ వేస్తున్నాను. ముందుగా ఏమీ అనుకోను. ఒకరోజు కుంచె ముట్టకుండా పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో రంగు లాగుతాను. ఒకరోజు ఎడమచేత్తో. ఒకరోజు రెండే రంగులు. పూత ఇంకా తళతళలాడుతుండగానే ఉప్పు చల్లి, ఎక్కడ ఎలా విరుగుతుందో చూస్తాను. కుంచె కడిగిన రంగునీళ్లు కూడా పారబోయను, మర్నాటి కాగితానికి అడుగుపూత అవుతాయి. బొమ్మలేమీ బాగుండవు. చేతికి భయం మాత్రం తగ్గింది. మొన్న వేరే చర్చలో ఒకరు ఇలాంటివి సాధన కాదు, కాలక్షేపం అన్నారు. మీరేమంటారు?

గీతముందు
ఆ అన్నది నేనే. ఆడుకోండి, ఎవరొద్దన్నారు? సాధన అని పేరు పెట్టకండి, అంతే. ఉప్పు చల్లితే ఉప్పు నీళ్లు పీలుస్తుంది, రంగు పక్కకు జరుగుతుంది, పువ్వులాంటి మచ్చ పడుతుంది. ఇందులో మీరు చేసిందేముంది? గిన్నె మూతి గుండ్రం పక్కనుంచి చూస్తే కోడిగుడ్డులా సాగుతుంది. ఆ సాగుడు చేతికి పట్టడానికి నాకు కొన్ని వందల గిన్నెలు పట్టాయి. సాధన అంటే అదీ. సరే, ఏ కాగితం వాడుతున్నారు?

తడికాగితం
ప్రింటరు కాగితం. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు.

గీతముందు
అనుకున్నాను. నీటిరంగుకు 300 జీఎస్ఎం ఉండాలి. మీ కాగితం తడవగానే ముడతలు పడుతుంది, రంగంతా గుంటల్లోకి పోతుంది, తడి మీద తడి వేద్దామంటే పారే లోపే పీల్చేసుకుంటుంది. మూడు నెలలుగా మీరు చూస్తున్నది కాగితం చేసే అల్లరి.

ఆయిల్‌వాసన
300 లేకపోయినా 200 సరిపోతుందండీ.

గీతముందు
నాలుగు పక్కలా టేపుతో బిగించకపోతే 200 కూడా ఉబ్బుతుంది.

చూసిపోయేవాడు
ఎండాక ఆ ఉప్పు తీసేస్తారా, అలాగే ఉంచేస్తారా?

మూడోకుంచె
కాగితం గొడవ కాసేపు ఆపండి బాబూ. 1925లో మాక్స్ ఎర్న్‌స్ట్ అనే జర్మన్ చిత్రకారుడు చెక్కనేల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు, పడిన చారల్లోంచి అడవులూ జంతువులూ తీశాడు. అది చెక్క చేసిన పని అందామా? టాగోర్ రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుకుంటూ పోయి బొమ్మలు చేశాడు. అరవై దాటాక పట్టుకున్న ఆ ఆటే 1930లో పారిస్‌లో ప్రదర్శన దాకా తీసుకెళ్లింది. అంతెందుకు, గోడ మీది మరకల్లో కొండలూ యుద్ధాలూ వెతుక్కోమని శిష్యులకు చెప్పింది లియోనార్డో.

గీతముందు
లియోనార్డోను తెచ్చారు, మంచిది. సగమే తెచ్చారు. మరకలు మీకు ఊహలిస్తాయి గానీ ఏ ఒక్క వివరాన్నీ పూర్తిచేయడం నేర్పవని కూడా ఆయనే రాసుకున్నాడు. టాగోర్ అంటారా, ఆ చెయ్యి అప్పటికి యాభై ఏళ్లుగా లయతో రాస్తోంది. 80 జీఎస్ఎం మీద కార్డుముక్కతో గీకడమూ అదీ ఒకటేనా?

తడికాగితం
కాగితం గురించి ఇది మూడోసారి. భయం తగ్గిందని నేను రాసిన ముక్క మీకు ఒక్కసారీ కనబడలేదు. అయితే వినండి. పన్నెండేళ్లప్పుడు బొమ్మలు నేర్పే మాస్టారు ఒకాయన, నేను వేసిన ముఖం మీదే ఎర్రపెన్నుతో "సరైన ముక్కు" గీసి క్లాసంతటికీ చూపించారు. తర్వాత ఇరవై రెండేళ్లు కుంచె పట్టలేదు. మీ గిన్నెలూ కొలతలూ వింటుంటే ఆ ఎర్రపెన్నే గుర్తొస్తోంది.

గీతముందు
ఆయన చేసింది తప్పు. ఆయన మీది కోపం నా మీద తీర్చుకుంటే ఎలా?

నాకూ ఒకటుంది. నేను మొదలుపెట్టిన గుంపులో అందరూ "తోచింది వెయ్, నియమాల్లేవు" అనేవాళ్లు. ఐదేళ్లు తోచిందే వేశాను. మరకలు, చిమ్మడాలు, దారాన్ని రంగులో ముంచి కాగితం మడతలోంచి లాగడాలు, అన్నీ అయ్యాయి. అమ్మ పోయిన నెలకి ఆవిడ ముఖం వేద్దామని కూర్చున్నాను. కళ్లు ఒక చోట, దవడ ఒక చోట. పదకొండుసార్లు వేశాను. ఎవరో వస్తున్నారు, అమ్మ రావడం లేదు. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది నియమాల్లేవన్న వాళ్ల మీద. ఇప్పటికీ ఉంది. మీ టపా చదవగానే లేచింది అదే, ఒప్పుకుంటాను.

మూడోకుంచె
ఇది మొదటే చెప్పి ఉంటే 200, 300 లెక్కలు తప్పేవి కదండీ.

ఆయిల్‌వాసన
తడికాగితం గారూ, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. నూనెరంగు పొర ఎండడానికే రోజులు పడుతుంది కాబట్టి, ఇష్టమున్నా లేకున్నా నేను నిన్నటి బొమ్మ దగ్గరికే తిరిగి వెళ్లాలి. అది నన్ను చూసి వెక్కిరిస్తుంటుంది కూడా. మీరు మూడు నెలల్లో ఎప్పుడైనా ఒక కాగితం దగ్గరికి రెండో రోజు వెళ్లారా?

తడికాగితం
లేదు.

వెళ్తే పాడవుతుందని. రోజుకో కొత్తది తీయడమే ఆటలో అందం అనుకున్నాను. నచ్చినవి ఐదో ఆరో ఉన్నాయి, వాటినైతే అసలు ముట్టుకోను. భయం తగ్గిందని పైన రాసింది నేనే మళ్లీ.

గీతముందు
నేనూ రంగు ముట్టి ఏడాది దాటింది. అన్నీ పెన్సిలు గిన్నెలే. మంచి కాటన్ కాగితం ఒక కట్ట ఉంది, విప్పలేదు. చెయ్యి కుదిరాక విప్పుదామని. అయినా ప్రింటరు కాగితం విషయంలో నా మాట నాదే.

తడికాగితం
ఈ రాత్రి కొత్తది తీయను. నచ్చిన వాటిలో ఒకటుంది, పైన నీలం మరక, కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఏదో ఒకటి వేస్తాను. చిరిగితే మీదే పాపం.

గీతముందు
మళ్లీ తడిపి రుద్దితే నిజంగానే పొట్టు లేస్తుంది. గౌష్ (కింది రంగును కప్పేసే నీటిరంగు) ఉంటే అది వాడండి, చిక్కగా, కుంచెలో నీళ్లు పిండేసి. కింది నీలం కరిగి పైకి రాకుండా ఒక్క ఊపులో వేసి వదిలేయాలి, రెండోసారి దిద్దకూడదు. ముందు కాగితం నాలుగు పక్కలా టేపు వేయండి.

చూసిపోయేవాడు
ఉప్పు సంగతి ఎవరూ చెప్పలేదు.