పాయింట్లు వాడుకున్నాక సరుకు వాపసు వస్తే ఏం చేయాలి?

విజయనగరంలోని మా బట్టల దుకాణం తరఫున వెబ్‌సైట్‌లో పొందూరు ఖద్దరు పంచెలు, చీరలు, తువ్వాళ్లు అమ్ముతున్నాము. కొన్నవారే మళ్లీ కొనాలన్న ఉద్దేశంతో రివార్డ్ పాయింట్ల పథకం పెట్టాము. ప్రతి 100 రూపాయలకు 2 పాయింట్లు, పాయింటు విలువ ఒక రూపాయి, వాపసు గడువు 7 రోజులు.

5,000 రూపాయల చీర డెలివరీ కాగానే 100 పాయింట్లు జమ అవుతాయి. కొందరు మర్నాడే వాటితో 450 రూపాయల తువ్వాలును 350కే కొని, ఐదో రోజున చీరను వాపసు పంపుతున్నారు. చీర సొమ్ము మొత్తం తిరిగి ఇస్తున్నాము, తువ్వాలు మీద తగ్గించిన 100 మాత్రం మాకు రావడం లేదు. ఆ తగ్గింపును బిల్లులోనే చూపి జీఎస్టీ కూడా 350 మీదే వేశాము కనుక పాత బిల్లును కదపాలని లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు రద్దీలో ఇలాంటివి బాగా పెరిగాయి.

పాయింట్ల జమను ఎనిమిదో రోజుకు మార్చి చూశాము. నష్టం ఆగింది గానీ, మెసేజ్ అందేసరికి కొన్నవారి ఉత్సాహం చల్లారిపోయి రెండో ఆర్డర్లు తగ్గాయి. ఆ రెండో ఆర్డర్ కోసమే కదా ఈ పథకమంతా! సరుకు వాపసు వచ్చినప్పుడు వాడేసిన పాయింట్లను ఖాతాలో మైనస్ నిల్వగా చూపితే, అది చూసినవారు మళ్లీ లాగిన్ కావడమే మానేశారు.

పాయింట్లను వెంటనే జమ చేస్తూనే, వాడేసిన పాయింట్ల విలువను రీఫండ్ సొమ్ములోంచి మినహాయించే షరతు పెట్టాలంటే, కొనేవారు నొచ్చుకోకుండా దానిని ఆర్డర్‌లో ఏ దశలో చూపాలి?